కొన్న నెలకే కొత్త మోడల్: కారు కొనుగోలుదారు నిజంగా నష్టపోయేది ఎక్కడ?

శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ సమీపంలోని కర్మాగారంలో తయారయ్యే కియా సెల్టోస్ 2019 ఆగస్టు 22న మార్కెట్లోకి వచ్చింది. భారత్‌లో ఆ సంస్థకు అదే తొలి కారు. బుక్ చేసుకున్నవారిలో చాలామంది తమ వంతు కోసం వారాలు, నెలలు ఎదురుచూశారు. పది నెలలు నిండకముందే, 2020 జూన్‌లో, అదే కారు మరికొన్ని సౌకర్యాలతో మళ్లీ వచ్చింది. అంతవరకు ఖరీదైన వేరియంట్లకే పరిమితమైన కొన్ని సదుపాయాలు దిగువ వేరియంట్లకూ దక్కాయి. 2021 మేలో కారు ముందుభాగాన ఉండే సంస్థ చిహ్నం మారింది. 2022లో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు అన్ని వేరియంట్లకూ వచ్చాయి. 2023 జులైలో ముఖరూపం మార్చుకున్న ఫేస్‌లిఫ్ట్ విడుదలైంది. 2025 డిసెంబరులో రెండో తరం సెల్టోస్‌ను ఆవిష్కరించారు. ఆరేళ్ల కాలంలో ఒకే పేరు మీద ఐదు మార్పులు.

వ్యాపారపరంగా ఇందులో విడ్డూరమేమీ లేదు. పోటీ తీవ్రంగా ఉన్న విపణిలో ప్రతి సంస్థా చేస్తున్నది ఇదే. అయితే ఆ ఐదు సందర్భాల్లో ప్రతిసారీ, అంతకు ముందు వారమే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని ఇంటికి తెచ్చుకున్న కుటుంబాలు కొన్ని ఉంటాయి. కొత్త ప్రకటన వెలువడిన రోజున వారి కారు చెడిపోలేదు. ఇంజిన్ అదే, మైలేజీ అదే, సీట్లు అవే. అయినా ఏదో పోయిందన్న బాధ మిగులుతుంది. అదంతా మనసు పుట్టించిన బాధేనని కొట్టిపారేయడం ఎంత తేలికో, మొత్తం మోసమేనని తేల్చేయడమూ అంతే తేలిక. వాస్తవం ఈ రెండింటి మధ్యన ఉంది. ఆ నష్టంలో కొంత ఊహాజనితం, కొంత రూపాయల్లో లెక్కగట్టగలిగినది, మరికొంత ఎంత డబ్బు పెట్టినా తిరిగి పూడ్చుకోలేనిది.

‘తరం’ అంటే ఎన్నేళ్లు?

కార్ల పరిశ్రమ మార్పులను స్థూలంగా మూడు రకాలుగా పేర్కొంటుంది. మొదటిది మోడల్ ఇయర్ అప్‌డేట్. రంగులు, టచ్‌స్క్రీన్, వేరియంట్ల పేర్లు, ఒకటి రెండు సౌకర్యాలు మారతాయి. రెండోది ఫేస్‌లిఫ్ట్. సాధారణంగా మోడల్ వచ్చిన మూడేళ్లకు అటూ ఇటూగా బంపర్లు, దీపాలు, డ్యాష్‌బోర్డు కొత్తగా వస్తాయి. లోపలి నిర్మాణం చాలావరకు పాతదే. మూడోది కొత్త తరం. ఐదు నుంచి ఏడేళ్లకు ఒకసారి నిర్మాణమే మారుతుంది. తెలుగులో మనుషుల విషయంలో తరం అంటే తండ్రి నుంచి కొడుకుకు పట్టే కాలం. కార్ల తరం అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఇంగ్లిష్ మాటను యథాతథంగా తెచ్చుకున్నందువల్ల, ‘పాత తరం కారు’ అనగానే అది తాతల నాటి బండి అన్న ధ్వని అప్రయత్నంగా వచ్చి చేరుతోంది. ఐదేళ్ల కిందట కొన్న కారుకు ఆ మాట అన్యాయమే.

ఇవి కాక నాలుగో రకం మార్పు ఒకటి ఉంది. దాన్ని పరిశ్రమ మార్పుగా లెక్కించదు కానీ కొనుగోలుదారుకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది అదే. కారు ఏమాత్రం మారదు, ధర తగ్గుతుంది.

ఈ కోపం ఎందుకు అంత గట్టిగా ఉంటుందో మనస్తత్వ శాస్త్రం కొంత వివరించింది. పెద్ద నిర్ణయం తీసుకున్న మనిషి ఆ తర్వాత దానికి మద్దతునిచ్చే సమాచారాన్నే వెతుక్కుంటాడన్నది అమెరికా శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1957లో ప్రతిపాదించిన సిద్ధాంతంలోని ఒక అంశం. అదే ఏడాది వెలువడిన ఒక అధ్యయనం దీన్ని కొత్త కారు యజమానులపైనే పరీక్షించింది. తాము పరిశీలించి వదిలేసిన కార్ల ప్రకటనల కంటే, కొనేసిన కారు ప్రకటనలనే వారు ఎక్కువగా చదువుతున్నట్టు అందులో తేలింది. అంటే కొనుగోలు పూర్తయ్యాక కూడా మనిషి తనకు తాను సర్ది చెప్పుకుంటూనే ఉంటాడు. సరిగ్గా ఆ దశలో కొత్త మోడల్ ప్రకటన వచ్చి, సొంత సంస్థే ‘ఇంతకంటే మంచిది ఇదిగో’ అని చెబితే ఆ సర్దుబాటు కూలిపోతుంది. ఇక నష్టం కలిగించే బాధ అంతే మొత్తం లాభం ఇచ్చే సంతోషం కంటే ఎక్కువని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్స్కీ 1979లో చూపారు. నష్టాన్ని మనిషి ఏదో ఒక ప్రమాణంతో పోల్చుకునే కొలుస్తాడు. కొత్త మోడల్ చేసే పని ఆ ప్రమాణాన్ని రాత్రికి రాత్రే పైకి జరపడం.

అంబాసిడర్ యజమానికి లేని బెంగ

హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయే దాకా దాదాపు ఒకే రూపంతో కొనసాగింది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు అది నకలు. లైసెన్సుల కాలంలో కారు కొనాలంటే ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. ఆనాటి కొనుగోలుదారుకు కారు దొరకదన్న బెంగ ఉండేది కానీ, దొరికిన కారు పాతబడిపోతుందన్న బెంగ లేదు. కొన్ని సందర్భాల్లో వాడిన బండికి మంచి గిరాకీ ఉండేది, ఎందుకంటే అది వెంటనే చేతికి వచ్చేది. పోటీ లేకపోవడం వల్ల దక్కిన ఆ నిశ్చింతకు దేశం చెల్లించిన మూల్యం పెద్దదే. దశాబ్దాల పాటు బ్రేకులు, భద్రత, ఇంధన పొదుపు అన్నీ ఉన్నచోటే ఉండిపోయాయి.

ఏటా మోడల్ మార్చే పద్ధతి అమెరికాలో 1920ల్లో పుట్టింది. హెన్రీ ఫోర్డ్ తన మోడల్ టీ కారును 1908 నుంచి 1927 వరకు పెద్దగా మార్చకుండా, ధర మాత్రం తగ్గిస్తూ, కోటిన్నరకు పైగా తయారుచేశారు. ఆయనకు ప్రత్యర్థిగా నిలిచిన జనరల్ మోటార్స్ అధినేత ఆల్ఫ్రెడ్ స్లోన్ వేరే దారి పట్టారు. కారు ఉన్నవాడికి ఇంకో కారు అమ్మాలంటే, ఉన్నదాని మీద కొంత అసంతృప్తి కలగాలి. అందుకు ఏటా రూపం మారాలి. స్లోన్ పద్ధతే గెలిచింది, మోడల్ టీ ఆగిపోయింది. ఇప్పుడు కొనుగోలుదారును వేధిస్తున్న అసంతృప్తి ఈ వ్యాపారం అనుకోకుండా వదిలిన వ్యర్థం కాదు, ఆ వ్యాపారానికి ఇంధనమే.

బ్యాటరీ కారులో కాలం ఇంకా వేగం

పెట్రోలు కారులో ఏడాదికి ఏడాదికి మధ్య తేడా సాధారణంగా అలంకారాల్లో ఉంటుంది. విద్యుత్ కారులో తేడా నేరుగా ప్రయాణ దూరంలో ఉంటుంది. టాటా నెక్సాన్ ఈవీ ఇందుకు మంచి ఉదాహరణ. 2020 జనవరిలో అది 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీతో, ఒకసారి ఛార్జి చేస్తే 312 కిలోమీటర్లు వెళ్తుందన్న ధ్రువీకరణతో వచ్చింది. 2022 మేలో నెక్సాన్ ఈవీ మ్యాక్స్ పేరుతో 40.5 కిలోవాట్ అవర్ బ్యాటరీ, 437 కిలోమీటర్లు. 2023 సెప్టెంబరులో కొత్త రూపం. 2024 ఫిబ్రవరిలో ధరలో గరిష్ఠంగా రూ.1.20 లక్షల కోత. అదే ఏడాది సెప్టెంబరు 10న పండుగల ఆఫర్‌గా గరిష్ఠంగా రూ.3 లక్షల తగ్గింపు ప్రకటించారు. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబరు 24న, 45 కిలోవాట్ అవర్ బ్యాటరీతో 489 కిలోమీటర్ల ధ్రువీకృత దూరం ఇచ్చే వేరియంట్ విడుదలైంది. (ధ్రువీకృత దూరం ప్రయోగశాల లెక్క, రోడ్డు మీద దక్కేది అంతకంటే తక్కువ.)

ఈ తేదీలను వరుసగా చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. భారీ తగ్గింపు చూసి ఆ రెండు వారాల్లో కొన్నవారికి బేరం కుదిరిందనే చెప్పాలి. కానీ ఆ బేరం ఎందుకు కుదిరిందో వారికి తెలియదు. 2024 జనవరిలో పూర్తి ధర పెట్టి కొన్నవారి పరిస్థితి మరీ కష్టం. తొమ్మిది నెలల్లో వారి కారు కొత్త ధర రెండు సార్లు తగ్గింది, పైగా దాని కంటే పెద్ద బ్యాటరీ వచ్చింది. దీని వెనుక సంస్థ కుటిలత్వం కంటే బ్యాటరీల ధరల పతనం పాత్రే ఎక్కువ. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ సర్వే ప్రకారం లిథియం అయాన్ బ్యాటరీ ప్యాక్ సగటు ధర ప్రపంచవ్యాప్తంగా 2023లో కిలోవాట్ అవర్‌కు 139 డాలర్లు, 2024లో 115 డాలర్లు. కారు ఖరీదులో అతిపెద్ద వాటా ఉన్న భాగం ఏడాదిలో ఇంతగా చౌకయితే, నిరుటి కారు నిరుటి ధరకు నిలబడదు.

ఇదే కారు చరిత్రలో మరో ఘటన కూడా ఉంది. 2023 జనవరిలో నెక్సాన్ ఈవీ మ్యాక్స్ ప్రయాణ దూరాన్ని 453 కిలోమీటర్లకు పెంచినట్టు ప్రకటించిన సంస్థ, ఆ మెరుగుదలను పాత యజమానులకు కూడా సాఫ్ట్‌వేర్ ద్వారా అందిస్తామని చెప్పింది. ఎదురుగా మహీంద్రా ఎక్స్‌యూవీ 400 రంగంలోకి దిగిన సమయమది. పోటీ ఒత్తిడి ఉన్నప్పుడు పాత కొనుగోలుదారును కూడా వెంట తీసుకెళ్లడం సాధ్యమేనని అది చూపింది. సాఫ్ట్‌వేర్‌తో తీరేవాటికి మాత్రమే ఆ వీలుంది. అమర్చిన బ్యాటరీ పరిమాణాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పెంచదు.

రూపాయల్లో లెక్క

నిరాశను పక్కన పెట్టి డబ్బు లెక్క చూద్దాం. 2025 ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగంలో ప్రధాని జీఎస్టీ సంస్కరణలను ప్రకటించారు. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి ఆమోదించింది, సెప్టెంబరు 22న కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్లపై అంతకుముందు 28 శాతం జీఎస్టీ, ఒక శాతం సెస్ ఉండేవి. అవి కలిసి 18 శాతానికి తగ్గాయి. పన్నుకు ముందు ధర రూ.5 లక్షలు ఉన్న కారునే తీసుకుంటే, షోరూమ్ ధర రూ.6.45 లక్షల నుంచి రూ.5.90 లక్షలకు దిగింది. తేడా రూ.55 వేలు.

ఆగస్టు ప్రసంగం విన్నవారు కొనుగోళ్లు ఆపుకొని కూర్చున్నారు. జులైలో కొన్నవారికి ఆ అవకాశమే లేదు. వారి నష్టం ఆ రూ.55 వేలతో ఆగదు కూడా. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కొత్త కారుకు ఒకేసారి కట్టే జీవితకాల పన్నును వాహన ధరపై శాతంగానే లెక్కిస్తారు. ధర తర్వాత తగ్గినా కట్టిన పన్ను వెనక్కి రాదు. రుణం తీసుకున్నవారు పాత ధరపైనే వడ్డీ కడతారు. కారు రుణాల గడువు ఇప్పుడు ఏడేళ్ల దాకా సాగుతోంది, మోడల్ ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లకు కుదించుకుపోతోంది. కాబట్టి మోడల్ కనుమరుగయ్యాక కూడా దాని వాయిదాలు నడుస్తూనే ఉంటాయి.

చాలామంది దృష్టికి రాని మరో చోటు బీమా. కారు పూర్తిగా ధ్వంసమైనా, దొంగతనానికి గురైనా బీమా సంస్థ చెల్లించే గరిష్ఠ మొత్తాన్ని ఐడీవీ అంటారు. దాన్ని లెక్కించేది యజమాని చెల్లించిన ధర మీద కాదు. పాలసీ మొదలయ్యే నాటికి ఆ మోడల్‌కు తయారీ సంస్థ ప్రకటించిన ధర తీసుకుని, అందులోంచి వాహన వయసును బట్టి తరుగు తీసివేస్తారు. వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20 శాతం, మూడేళ్ల లోపు 30 శాతం. పై ఉదాహరణలోని కారు రెండో ఏడాదిలో ఉందనుకుంటే, పాత ధర మీద దాని ఐడీవీ రూ.5.16 లక్షలు ఉండవలసింది. కొత్త ధర మీద అది రూ.4.72 లక్షలు. యజమాని ఏ తప్పూ చేయకుండానే అతని రక్షణ రూ.44 వేలు తగ్గింది. ప్రీమియం కూడా ఆ మేరకు తగ్గుతుందన్నది నిజమే కానీ, అది కొన్ని వందల రూపాయల మాట. మోడల్ ఉత్పత్తే నిలిచిపోయి ఉంటే ఐడీవీని బీమా సంస్థ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. చెల్లించిన బిల్లు మొత్తాన్ని తిరిగి పొందే ‘రిటర్న్ టు ఇన్‌వాయిస్’ అదనపు పాలసీ ఇలాంటి సందర్భాల్లోనే అక్కరకొస్తుంది.

ప్రభుత్వ ప్రమాణాలు మారినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. 2017 మార్చి 29న, ఏప్రిల్ 1 తర్వాత బీఎస్-3 వాహనాలను అమ్మరాదని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు దేశంలో అమ్ముడుపోని అలాంటి వాహనాలు 8 లక్షలకు పైగా ఉన్నాయి. అత్యధికం ద్విచక్ర వాహనాలు. మిగిలిన రెండు రోజుల్లో షోరూమ్‌లు వాటిని వేల రూపాయల తగ్గింపుతో వదిలించుకున్నాయి. ముందు వారం పూర్తి ధర చెల్లించినవారిని ఎవరూ పట్టించుకోలేదు.

అద్దం కాదు, ఎయిర్‌బ్యాగ్

పైకప్పు అద్దం లేకపోతే ప్రాణానికి ముప్పేమీ లేదు. ఎయిర్‌బ్యాగ్ విషయం అలా కాదు. ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత తీవ్రమైన భాగం ఇదే అయినా, కొత్త దీపాలు, పెద్ద తెరల సందడిలో దానికి దక్కవలసిన చోటు దక్కడం లేదు.

ప్రయాణికుల కార్లకు ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు తప్పనిసరి చేస్తామని కేంద్ర రహదారి రవాణా శాఖ 2022 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2022 అక్టోబరు 1 గడువు 2023 అక్టోబరు 1కి మారింది. చివరికి తప్పనిసరి చేయబోమని మంత్రి నితిన్ గడ్కరీ ప్రకటించారు. నిబంధన రాకపోయినా మార్కెట్ ఆ దిశగానే కదిలింది. హ్యుందాయ్ 2023 అక్టోబరులో తన కార్లన్నిటికీ ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు ఇస్తున్నట్టు ప్రకటించింది. మారుతి సుజుకి 2025 మే నాటికి ఆల్టో కే10, సెలెరియో, వ్యాగనార్, ఈకో వంటి చౌక కార్లకు కూడా వాటిని విస్తరించింది. అంతకుముందు ఆ కార్లలో ఉన్నవి ముందు సీట్లకు రెండే.

2025 ఆరంభంలో రెండు ఎయిర్‌బ్యాగ్‌ల చిన్న కారు కొన్న కుటుంబం దాన్ని పదేళ్లు వాడుతుంది. మిగతా నాలుగింటిని తర్వాత బిగించుకునే వీలు ఆచరణలో లేదు. పక్క ఎయిర్‌బ్యాగ్‌లు సీట్లలోనూ, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు పైకప్పు అంచుల వెంబడీ ఉంటాయి. వాటికి ప్రత్యేక సెన్సర్లు, నియంత్రణ యూనిట్, వైరింగ్, ఆ మేరకు రూపొందించిన సీట్లు కావాలి. పక్కనుంచి మరో వాహనం ఢీకొన్నప్పుడు తలకు రక్షణ ఇచ్చేది ఆ కర్టెన్లే. వెనుక సీట్లో కూర్చునే పిల్లలకు, పెద్దలకు ముందరి రెండు ఎయిర్‌బ్యాగ్‌లతో ప్రయోజనం లేదు. కాబట్టి ఇక్కడ కొనుగోలుదారు నిరాశను ‘పక్కింటివాడి కారు కొత్తగా ఉంది’ అన్న అసూయతో కలిపి చూడటం తప్పు. మరికొన్ని వారాలు ఆగితే తన ఇంటివారికి అదనపు రక్షణ దక్కేదన్నది అతని బాధ. ఆగమని చెప్పగలిగినవారు చెప్పలేదు.

ఎందుకు చెప్పరు?

ఆడమ్ ఆస్బార్న్ పేరు ఈ సందర్భంలో తరచూ వినిపిస్తుంది. తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఆశ్రమ పరిసరాల్లో బాల్యం గడిపి, 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూసిన ఈ ఆంగ్లేయుడు, 1981లో వెంట తీసుకెళ్లగలిగిన తొలి కంప్యూటర్లలో ఒకదాన్ని అమెరికాలో విజయవంతంగా అమ్మారు. 1983లో, ఇంకా సిద్ధం కాని కొత్త యంత్రాల గురించి ముందుగానే గొప్పగా చెప్పడంతో పాత యంత్రం అమ్మకాలు నిలిచిపోయాయని, ఆ ఏడాది సెప్టెంబరులో సంస్థ దివాలా తీసిందని చెబుతారు. దివాలాకు వేరే కారణాలూ ఉన్నాయన్న వాదన లేకపోలేదు. అయినా కొత్త సరుకు గురించి ముందుగా నోరు విప్పితే పాత సరుకు గోదాములో మిగిలిపోతుందన్న భయానికి ‘ఆస్బార్న్ ఎఫెక్ట్’ అన్న పేరు స్థిరపడింది. ఆర్థికవేత్త రోనాల్డ్ కోజ్ 1972లోనే ఇంకో కోణం చెప్పారు. ఎక్కువ కాలం మన్నే వస్తువును అమ్మే సంస్థకు అసలు పోటీదారు రేపటి తానే. రేపు ధర తగ్గుతుందని జనానికి తెలిస్తే ఈ రోజు ఎవరూ కొనరు.

కారు వ్యాపారంలో ఈ భయం డీలర్ దగ్గర మరింత పెద్దది. తయారీ సంస్థ దృష్టిలో కారు డీలర్‌కు చేరగానే అమ్ముడుపోయినట్టే లెక్క. ఆ తర్వాత దాని మీద వడ్డీ భారం డీలర్‌ది. 2024 సెప్టెంబరు నాటికి దేశవ్యాప్తంగా డీలర్ల వద్ద 80 నుంచి 85 రోజుల అమ్మకాలకు సరిపడా ప్రయాణికుల వాహనాలు పేరుకుపోయాయని, వాటి విలువ రూ.79 వేల కోట్లని డీలర్ల సమాఖ్య ఫాడా తెలిపింది. అంత నిల్వ మీద కూర్చున్న డీలర్, ‘వచ్చే నెల కొత్తది వస్తోంది, ఆగండి’ అని చెప్పడం ఆశించడం కష్టం. షోరూమ్‌లో ఎదురుగా నిలబడే యువ ఉద్యోగికి చాలాసార్లు ఆ సంగతే తెలియదు. ఆఖరి రోజుల్లో మాత్రమే వారికి సమాచారం చేరుతుంది. తెలిసిన వారికి అమ్మకాల లక్ష్యాలు ఉంటాయి.

ఈ మౌనానికి ఎదురుతిరిగిన సందర్భాలు విదేశాల్లో కనిపిస్తాయి. 2023 జనవరిలో టెస్లా చైనాలో ధరలు తగ్గించినప్పుడు, అంతకుముందే కొన్న యజమానులు షాంఘై సహా పలు నగరాల్లో ఆ సంస్థ కేంద్రాల వద్ద ఆందోళనకు దిగారు. 2024 ఆగస్టులో జీకర్ సంస్థ 001 మోడల్ కొత్త రూపాన్ని, ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన రూపం ఆరు నెలలు కూడా నిండకముందే విడుదల చేయడంతో అక్కడా నిరసన రేగింది. థాయ్‌లాండ్‌లో 2024 జులైలో బీవైడీ కార్ల ధరల తగ్గింపుపై ఫిర్యాదులను ఆ దేశ వినియోగదారుల పరిరక్షణ సంస్థ విచారణకు స్వీకరించింది. భారత్‌లో ఈ అసంతృప్తి ఎక్కువగా ఇంటి మాటల్లోనే ఉండిపోతోంది.

చట్టం ఎంతవరకు?

2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం-2019 పాత వస్తువును కొత్తదిగా చూపి అమ్మడాన్ని, మోడల్ విషయంలో అబద్ధం చెప్పడాన్ని అనుచిత వ్యాపార విధానంగా పరిగణిస్తుంది. వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర వంటివాటి గురించి తెలుసుకునే హక్కును వినియోగదారుకు ఇస్తుంది. అయితే అది అమ్ముతున్న వస్తువు గురించి, అమ్మబోయే వస్తువు గురించి కాదు. సేవా లోపం నిర్వచనంలో ‘సంబంధిత సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం’ అన్న మాట చేరింది. కానీ ఆ నిర్వచనం సేవలకు ఉద్దేశించినది. రాబోయే మోడల్ గురించి చెప్పకపోవడం మాత్రమే కారణంగా పరిహారం కోరడం ప్రస్తుత చట్టం కింద బలహీనమైన వాదనే.

అడిగినప్పుడు అబద్ధం చెబితే పరిస్థితి వేరు. ‘ఫేస్‌లిఫ్ట్ ఇప్పట్లో లేదు’, ‘ఇది ఈ ఏడాది తయారైనదే’ అన్న మాటలు నోటితో చెబితే గాలికి పోతాయి. బుకింగ్ పత్రం మీద రాయించుకున్నా, సందేశంగా తెప్పించుకున్నా సాక్ష్యమవుతాయి. బాధ్యత ఎవరిదన్నది కూడా ముఖ్యమే. గోవాలో ఒక కొనుగోలుదారు 2011 మోడల్ కారుకు డబ్బు చెల్లిస్తే, డీలర్ 2009లో తయారైన బండి అందించాడు. వినియోగదారుల కమిషన్లు తయారీ సంస్థను కూడా బాధ్యురాలిగా పేర్కొన్నాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టివేసింది. డీలర్ చేసిన తప్పు తయారీ సంస్థకు తెలుసని రుజువు కానప్పుడు దాన్ని బాధ్యురాలిని చేయలేమన్నది తీర్పు సారాంశం. కాబట్టి పోరాటం ప్రధానంగా డీలర్‌తోనే.

తయారైన నెల తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఛాసిస్ నంబరులోనే సంవత్సరం, నెల సంకేతాక్షరాల రూపంలో ఉంటాయి. ఏ స్థానంలో ఉంటాయన్నది సంస్థను బట్టి మారుతుంది. డీలర్ ఇచ్చే విక్రయ ధ్రువపత్రం ఫారం-21లోనూ, తర్వాత ఆర్‌సీలోనూ అదే వివరం స్పష్టంగా ఉంటుంది. దీన్ని చూడవలసింది పూర్తి డబ్బు చెల్లించక ముందు, రిజిస్ట్రేషన్ జరగక ముందు. నంబరు పడిన తర్వాత డీలర్ మాట మెత్తబడదు. జనవరిలో కొత్తదిగా ఇచ్చే కారు నిరుడు నవంబరులో తయారై ఉంటే, అమ్ముకునేటప్పుడు దాన్ని నిరుటి కారుగానే లెక్కగడతారు. ఆ తేడాను ముందే ధరలో తగ్గించమని అడగడం న్యాయమైన బేరం.

పాతబడబోతున్న మోడల్ కొనడం ఎప్పుడూ తెలివితక్కువ పనేమీ కాదు. మొదటి ఏడాది లోపాలు సరిదిద్దుకున్న కారు, విడిభాగాలు ఊరూరా దొరికే కారు, దండిగా తగ్గింపుతో వస్తే పదేళ్లు వాడుకునేవారికి అది లాభమే. మూడేళ్లకోసారి కారు మార్చేవారికే అది నష్టం. తేడా అంతా తెలిసి కొన్నామా, తెలియక కొన్నామా అన్నదాంట్లో ఉంది. రెండున్నర మూడేళ్లుగా ఏ మార్పూ లేని మోడల్, గుర్తుపట్టకుండా గళ్ల స్టిక్కర్లు అతికించుకుని రహదారులపై తిరుగుతున్న పరీక్షా వాహనాల చిత్రాలు, కారణం చెప్పకుండా ఉన్నట్టుండి పెరిగిన తగ్గింపు, కొన్ని రంగులు, వేరియంట్లు ‘స్టాకు లేదు’ అనడం ఇవన్నీ సంకేతాలే. ఒక్కటే కనిపిస్తే యాదృచ్ఛికం కావచ్చు. మూడు కలిస్తే షోరూమ్‌లో అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని అర్థం.

మోడల్, తయారీ సంవత్సరం, ధర విషయంలో అబద్ధం చెప్పి అమ్మారని రుజువులుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయాలి. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఆ పని జరగాలి. బిల్లు, ఫారం-21, బుకింగ్ పత్రం, డీలర్‌తో జరిగిన సందేశాలను అప్పటిదాకా జాగ్రత్తగా దాచుకోవాలి.